బామ్మర్ది బండికి కొత్త షాకప్‌లు

నడుము నొప్పని మా బామ్మర్ది సైదులు పెళ్లాం బండెక్కడం మానేసి బస్సులోనే తిరుగుతోంది. ఆమెను మళ్లీ వెనక కూర్చోబెట్టుకోవాలని వాడు తన చిన్న బండికి మెత్తటి కొత్త షాకప్‌లు వేయించాడు. పొద్దున జూలూరుపాడులో వాడు చాయ్ తాగుతుంటే, నేను చాటుగా వాటి స్ప్రింగులను రాయిలా గట్టిపడేలా చివరిదాకా బిగించేశాను. ఇద్దరూ భద్రాచలం బయలుదేరారు. కొత్తగూడెం రాకముందే ఆమె దిగి ఆటో ఎక్కిందట.

సాయంత్రం వాడు ఏడుపు మొహంతో వచ్చాడు.

"బావా, కొత్తయి గిట్ల ఎత్తేస్తున్నయేంది?"

"షాకప్‌లు మంచియేరా, నీ పెళ్లామే బరువు."

"గదే మాట దానితోని అన్న బావా. పుట్టింటికి పోయింది."

ఇప్పుడు నా వాకిట్లోనే పాతవి బిగించుకుంటున్నాడు. పడిపోకుండా బండి నేనే పట్టుకున్నాను. వాడు ఈ పోస్టు చూసేలోపు చెప్పండి: ఒప్పుకోనా, ఇంకో రెండు రోజులు నవ్వుకోనా?