గంటలెన్ని అని అడిగే అరుగు

రిటైరైన హెలికాప్టర్ పైలట్‌కి పొద్దున్నే లేచి చెయ్యాల్సిన పనేమీ ఉండదు. ఉన్నట్టు నటించడమే పెద్ద పని. పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో మా ఇంటి పక్కన పోక మొక్కలకి నీళ్ళు పోస్తాను. వాన పడుతున్నా పోస్తాను. మా ఆవిడ కుట్టుషాపు షట్టరు ఎత్తి పెడతాను. ఆ తర్వాత టీ గ్లాసు పట్టుకుని షాపు మూల స్టూలు మీద కూర్చుని ఫోను తెరుస్తాను. అక్కడితో మా అరుగు మీద సభ మొదలవుతుంది.

అరుగంటే ఇంటర్నెట్‌లో ఒక గుంపు. సైనిక సర్వీసులో విమానాలూ హెలికాప్టర్లూ నడిపినవాళ్ళూ, ఇప్పుడు నడుపుతున్నవాళ్ళూ చేరి ఇంగ్లీషులో వాదించుకునే చోటు. ఎవరికీ సొంత పేరుండదు. ఒకడు గద్ద, ఒకడు పాత బూటు, ఇంకొకడు తోకచుక్క. నేను పెట్టుకున్న పేరు ఇక్కడ చెప్పను. చెబితే మా ఆవిడ ఇంకో నెల నవ్వుతుంది. అక్కడ ఎవరు నోరు విప్పినా ముందు పడే ప్రశ్న ఒకటే: గంటలెన్ని? అంటే ఆకాశంలో ఎన్ని గంటలు ఎగిరావని. పెళ్ళిచూపుల్లో జీతం అడిగినట్టు అడుగుతారు. తక్కువ చెబితే నీ మాటకి విలువ లేదంటారు, ఎక్కువ చెబితే కోతలంటారు. అనుమానం మరీ ముదిరితే అరుగు నడిపేవాళ్ళు పేరు కింద ‘నిర్ధారణ కాలేదు’ అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడ్డవాడు గుడ్ మార్నింగ్ అన్నా సాక్ష్యం అడుగుతారు.

అయినా ఆ చోటంటే నాకు ప్రాణం. కుర్రాళ్ళు రాసిన వాతావరణం కబుర్లు చదువుతుంటే కాళ్ళు వాటంతటవే పెడల్స్ వెతుక్కుంటాయి. మా ఆవిడ చూసి, “ఆ మిషనుకి పెడలు లేదు గాని, ఇటొచ్చి నా మిషను తొక్కు” అంటుంది.

నా మొదటి కెప్టెన్ కూడా ఆ అరుగు మీదే ఉంటారు. నేను కొత్తగా ఎగరడం మొదలుపెట్టిన రోజుల్లో ఆయన కుడి సీటు, నేను ఎడమ సీటు. ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నారు. ఏళ్ళ తరబడి రోటరు మోత విని విని చెవులు బాగా తగ్గాయి. పెళ్ళికెళ్ళినా, పార్కులో నలుగురి మధ్య కూర్చున్నా ఎవరేమంటున్నారో అందదు. అరుగు మీద మాత్రం అన్నీ అక్షరాలే కాబట్టి అన్నీ వినపడతాయి. “నేను చెవిటివాణ్ణని తెలియని చోటు అదొక్కటేరా” అన్నారు నాతో ఓసారి. అది నవ్వుతూ అన్న మాటే గాని నాకు గుర్తుండిపోయింది.

గొడవ ఈ మధ్యే, వానల కాలంలో వచ్చింది. దక్షిణాన ఉన్న దీవుల్లో ఒకదాని గురించి చర్చ. అక్కడి చిన్న మైదానంలో, గట్టి వానలో, మా కాలంనాటి పాత హెలికాప్టరు దింపడం సాధ్యమా కాదా అని. మా కెప్టెన్ ఒక ముక్క రాశారు: “దింపాను. ఒకసారి.” వెంటనే ఒక కుర్రాడు లేచాడు. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాడు, ఈ దీవుల్లోనే ఎగురుతున్నవాడు. ఆ మిషనుతో అది జరిగే పని కాదని, జరిగి ఉంటే ఎప్పుడో, ఎందుకో, ఎవరిని ఎక్కించుకోవడానికో చెప్పమని నిలదీశాడు. కెప్టెన్ జవాబు పొడుగ్గా లేదు. “ఎక్కినవాళ్ళు ఇంకా ఉన్నారు. అది వాళ్ళ సంగతి. చెప్పాల్సింది నేను కాదు.”

ఆ రోజు ఎడమ సీటులో ఉన్నది నేనే. ఒక మనిషిని ఆస్పత్రికి తెచ్చాం. ఆ మనిషి మామూలుగా బతుకుతున్నారు, ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర అప్పుడప్పుడూ ఎదురుపడతారు కూడా. ఇంతకుమించి నేనూ రాయను.

కాని కుర్రాడికి ఆ మర్యాద అర్థం కాలేదు. చెప్పలేకపోతున్నాడంటే జరగలేదన్నమాటే అన్నాడు. వాడి వెనక పదిమంది. నాకు కోపం ఆగదు. ఆ రోజు పక్క సీటులో నేనున్నాను, ఆయన చెప్పింది నిజం అని రాశాను. “మరి నువ్వెవరు? నీ గంటలెన్ని?” అన్నారు. ఆ తర్వాత ఇంకో తెలివైనవాడు వచ్చి, ఈ ఇద్దరూ ఒకే ముసలాడు, రెండు పేర్లు పెట్టుకుని తనకి తనే సాక్ష్యం చెప్పుకుంటున్నాడని తేల్చేశాడు. నేను ఫోను విసిరి కొట్టబోయాను. మా ఆవిడ తల ఎత్తకుండానే, “మా అన్నదమ్ములతో తగువొచ్చిననాడు నా తరపున ఇంత గట్టిగా మాటాడినావా?” అంది.

సాయంత్రానికల్లా కెప్టెన్ పేరు కింద ముద్ర పడింది. ఫోన్ చేశాను. ఆయనకి ఫోనంటే అరవాలి. అరిచాను. ఆయన నవ్వారు. నువ్వెరుగుదువు, నేనెరుగుదును, ఇంకెంతమంది కావాలి అన్నారు. కాని పెట్టేసే ముందు, “ఆ ముద్ర కొన్నాళ్ళకి తీసేస్తారంటావా?” అని అడిగారు. ఇంకేదో మాట్లాడి మళ్ళీ అదే అడిగారు. తీస్తార్సార్ అన్నాను. నాకు చాలా బాధేసింది.

మర్నాడు మధ్యాహ్నం కుర్రాడు ఫొటో పెట్టాడు. పెద్దాయన నోరు శాశ్వతంగా మూయించాలని. నిజంగా అక్కడ దిగేవాడికి ఆ మైదానం ఎలా కనపడుతుందో చూడండి అని కింద రాశాడు. దిగబోతూ హెలికాప్టరు ముందు అద్దంలోంచి తీసిన బొమ్మ. కింద వాడి మోకాలూ, కాగితాలు పెట్టుకోవడానికి దానికి కట్టుకున్న గుడ్డ పట్టీ, ఎదురుగా సగం వరకు కనపడే మీటర్లూ. బయట వాన, కొబ్బరి చెట్లు, పచ్చటి మైదానం. దాని అంచున, పదిమందికీ కనపడకూడనిది కొంచెం కనిపిస్తోంది. ఏమిటో అడక్కండి. మామూలువాళ్ళకి అదొక వానాకాలం బొమ్మ. ఈ దీవుల్లో ఎగిరినవాడికి మాత్రం అది ఏ దీవో, ఆ మూలన ఉన్నదేమిటో ఒక్క చూపులో తెలిసిపోతుంది. గొప్ప చూపించుకునే తొందరలో మా వాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు అది. నిజమని ఒప్పించాలంటే నిజమైనదేదో చూపించాలి. మేం చూపించగలిగిన నిజాల్లో సగం చూపించకూడనివే.

నాకు పండగైంది. వెంటనే విశాఖపట్నానికి ఫోను. “సార్, దొరికాడు! ఒక్క లైను రాస్తే చాలు, వాడి పని అయిపోతుంది.”

వినపడలేదేమోనని మళ్ళీ అరిచాను.

“వినపడిందిరా,” అన్నారు. “ఆ కుర్రాడు మీ ఊళ్ళోనే కదా ఉన్నది? వెతికి పట్టుకో. ఏమీ రాయకు, నోటితో చెప్పు. అది ఎవడో బయటివాడు పసిగట్టి గోల చేశాడంటే వాడి ఎగరడం ఆఖరు. తనంతట తను తీసేసి పైవాళ్ళకి చెప్పుకుంటే తిట్లతో పోతుంది.”

అరుగులోనే విడిగా ఒక మెసేజి పెట్టేస్తే సరిపోదా అన్నాను. అవి నడిపేవాళ్ళకి కనపడతాయి, వాళ్ళెవరో మనకి తెలీదు కదా అన్నారు. ఈలోగా జనాన్ని నేనిటు తిప్పుతాను, నువ్వెళ్ళు అన్నారు. ఎలా తిప్పుతారో నేను అడగలేదు.

పేరు లేనివాణ్ణి పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో ఎక్కడ వెతకను? ఫొటో పెద్దది చేసి మా ఆవిడకి చూపించి నా గోడు చెప్పుకున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

“ఇదేటి, ఇది నా కుట్టే గదా!” అంది. మోకాలి పట్టీ మీద వేలు పెట్టింది. “నారింజ గుడ్డకి నీలం దారం. ఆ రోజు నారింజ దారం ఖతమైపోనాది. నీలం ఏసీసినాను. ‘దీదీ, యే క్యా హై’ అన్నాడు, మళ్ళీ తనే ‘చలేగా’ అనీసి పట్టుకుపోనాడు. మంచోడే. షర్టొకటి ఇచ్చి ఎల్లినాడు.”

యూనిఫారం మీద బ్యాడ్జీలూ, పట్టీలూ కుట్టించుకోవడానికి సర్వీసు కుర్రాళ్ళు మా షాపుకే వస్తారు. నేను ఎవరినో ఎప్పుడూ చెప్పుకోను, దర్జీ దీదీ మొగుణ్ణి, అంతే. ఆవిడ వాడికి ఫోన్ చేసి షర్టు కొలత చూసుకోవాలి, వచ్చీ భయ్యా అని పిలిచింది. అబద్ధం ఆడినందుకు చెంపలేసుకుని, నిజంగానే షర్టు బయటికి తీసి కుట్టడం మొదలెట్టింది.

రెయిన్‌కోటుతో స్కూటరు దిగాడు. సన్నగా, నవ్వు మొహంతో ఉన్నాడు. ఇంతసేపూ నేను తిట్టుకున్న మొహం అది కాదు. వాడిది అసలు హిందీ, మాది ఈ ఊళ్ళో అందరూ మాట్లాడే కలగాపులగం హిందీ. నేను షట్టరు సగానికి దించి, ఫోను వాడి ముందు పెట్టి, మైదానం అంచు మీద వేలు పెట్టాను. ఒక్క మాట కూడా చెప్పక్కర్లేకపోయింది. నేనూ ఎగిరినవాణ్ణేనని వాడికి అర్థమైపోయింది, మొహంలో రంగు దిగిపోయింది. తన ఫోను తెరిచి అరుగు మీంచి ఆ ఫొటో తొలగించాడు. పొద్దున్నే వెళ్ళి మా కమాండింగ్ ఆఫీసరుతో నేనే చెప్పుకుంటాను సర్ అన్నాడు. అప్పుడే వాడంటే నాకు ఇష్టం కలిగింది.

“ఎవరైనా చూసుంటారా?” అని అడిగాడు.

ఇద్దరం అరుగు తెరిచాం. చూశారు. ఇది ఏ దీవి, ఆ మూలన ఉన్నదేమిటి అని ఇద్దరు అడిగారు కూడా. సరిగ్గా వాళ్ళ కింద మా కెప్టెన్ రాసింది ఉంది. “ఈ ఫొటో చూశాక నేను పొరపడ్డానేమో అనిపిస్తోంది. అక్కడ దిగింది నేను కాదేమో. ఎవరో చెప్పింది విని నాదే అనుకున్నానేమో. వయసైపోయింది. క్షమించండి.”

ఇంకేముంది, అందరూ ఆయన మీద పడ్డారు. దొంగ దొరికాడన్నారు. పతకాలు కూడా అద్దెకి తెచ్చుకున్నావా అన్నారు. పేజీల మీద పేజీలు. ఫొటో సంగతి మళ్ళీ ఒక్కడూ ఎత్తలేదు. అది అక్కణ్ణుంచి పోయిందని కూడా ఎవరూ గమనించలేదు.

కుర్రాడు అదంతా చదివి, “అయితే ఆయన నిజంగానే దిగలేదా సర్?” అన్నాడు.

నా కోపం మళ్ళీ నెత్తికెక్కింది. “ఆయన పక్కన కూర్చున్నది నేను. ఇదంతా నీకోసం రాశారు, నీకోసం!” అని అరిచాను.

ఆ అరుపు ఊపులోనే విశాఖపట్నానికి ఫోన్ కలిపి వాడి చేతికిచ్చాను. ఆయనకి వినపడాలంటే గట్టిగా మాట్లాడాలి, వీధిలోకి వినపడకూడదు. మా ఆవిడ ఏమీ అనకుండా కుట్టుమిషను జోరు పెంచింది. ఆ చప్పుడులో వాడు సారీ సర్, సారీ సర్ అని అరుస్తూనే ఉన్నాడు. ఆయన వాడి మాట తుంచేసి, “ఆ గ్రౌండు మీదికి పందులు ఇంకా వస్తున్నాయా?” అని అడిగారు.

వాడు సారీలు ఆపేశాడు. “వస్తున్నాయి సర్. మొదటి రౌండు వాటిని తరమడానికే సరిపోతుంది.”

“మాకూ అంతే. వానలో అయితే అవి కదలను కూడా కదలవు.” ఆయన హాయిగా నవ్వడం నాకు ఇవతలికి వినపడింది. అంత సంతోషంగా ఆయన నవ్వగా విని చాలా కాలమైంది.

వాడు కళ్ళు తుడుచుకుని, ఇప్పుడే అందరి ముందూ క్షమాపణ రాస్తాను, ఆ ముద్ర తీయిస్తాను అన్నాడు.

“వద్దు,” అన్నారు ఆయన. “నువ్వు మారితే ఎందుకు మారావని అడుగుతారు. వెనక్కి వెళ్ళి చూస్తారు. ఫొటో ఏదీ అంటారు. నిన్న ఎలా ఉన్నావో ఇవాళా అలాగే ఉండు. అందరూ తిడుతున్నారు, నువ్వొక్కడివే ఊరుకుంటే బాగోదు. తిట్టు.”

“మీ ముద్ర సర్?”

“ఉండనీ. ముద్ర ఉన్నా చదవడానికి అడ్డమేం లేదుగా. ఊ, రాయి.”

వాడు తన ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క అక్షరం నొక్కలేకపోయాడు. నిన్నటిదాకా అంత ధారాళంగా తిట్టినవాడు! చివరికి ఆయనే అటునుంచి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు, నాకు ఎగరడం నేర్పినప్పటి గొంతుతోనే, తొందర లేకుండా. ముందే ఒప్పుకుని ఉంటే మా సమయం మిగిలేది అని రాయి. ఇకముందు అనుభవం ఉన్నవాళ్ళని మాట్లాడనివ్వండి అని రాయి. ఇంకొంచెం కారం వెయ్యి బాబూ, చప్పగా ఉంది అన్నారు. వాడు రాస్తున్నాడు, ముక్కు ఎగపీలుస్తున్నాడు, రాస్తున్నాడు. మా ఆవిడ మిషను ఆపకుండానే పవిట చెంగుతో కళ్ళద్దుకుంది.

పూర్తయ్యాక, పంపే ముందు ఓసారి చూడండి అని నా చేతికిచ్చాడు. తిట్టు బాగానే ఉంది. చివర మాత్రం ‘సర్’ అని పెట్టాడు.

“అది తీసెయ్,” అన్నాను.

వాడు చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తీసేశాడు.