చూలై సత్రంలో నా సంవత్సరీకం ఆపించుకొచ్చాను

పోయిన ఏడాది కన్నుమూసిన మా ఆయనకి సోమవారం ఒక కార్డు వచ్చింది. ‘వెంకటసుబ్బయ్య గారికి, రాజ్యలక్ష్మి గారి సంవత్సరీకం ఈ శుక్రవారం మా సత్రంలో జరుగును’ అని. ఆ రాజ్యలక్ష్మిని నేనే. కార్డు చదివి కాఫీ తాగాను, చప్పగా ఉందని కూతురిని తిట్టాను కూడా, అంటే ఇంకా ఉన్నట్టే. మద్రాసు చూలైలో మా అత్తింటివాళ్ళ కాలం నుంచీ ఉన్న సత్రం అది. మగపిల్లలు లేని ఇళ్ళ తరఫున అక్కడి పురోహితుడే తంతు జరిపిస్తాడు, అచ్చయిన పట్టీలో ఎవరి పేరుంటే వాళ్ళకి. ఆయన పేరు చేర్చమని ఈ నెల మొదట్లో నేనే ఫారం నింపి పంపాను. పట్టీ గురువారం పన్నెండింటికి అచ్చవుతుంది. ఆలోగా దిద్దించకపోతే ఆయనకి మొదటి ఏడే పిండం ఉండదు, నాకుంటుంది.

గురువారం నెల్లూరులో తెల్లవారి ఐదింటి బండి ఎక్కితే తొమ్మిదిన్నరకి సెంట్రల్‌లో దిగాను. దారంతా ముసురు. పోయినసారి కిటికీ సీటు కోసం ఆయనతో పోట్లాడాను. ఈసారి పోటీ లేకుండానే దొరికింది. స్టేషన్ బయట ఆటో అతను నలభై అడిగాడు.

“చూలై నాకు కొత్తా నాయనా? నేను కాపరానికొచ్చేటప్పటికి నువ్వు పుట్టనైనా లేదు.”

“సరే, ఇరవై అయిదు ఇయ్యండమ్మా. ఆడేం పని?”

“నా తద్దినం ఆపించాలి.”

అతను అద్దంలో నన్ను రెండుసార్లు చూసుకుని బండి కదిలించాడు.

సత్రం వెనకగదిలో కంప్యూటర్ ముందు కల్పన అనే అమ్మాయి ఉంది. పట్టీ పని ఆమెదే. కార్డు చూసి, నన్ను చూసి, లేచి నిలబడింది.

“అయ్యయ్యో! ఈడ కూర్చోండి అవ్వా.”

మా ఫారం తీసి, ఫారాల్లోని పేర్లు పట్టీలోకి ఎక్కించడానికి తను రాసిన మాక్రో చూపించింది. పేర్లు చేర్చే ఇన్సర్ట్ కమాండులో పేర్లు అతికించకుండా, వాటి చోటు ఖాళీగా ఉంచడానికి రెండు ప్రశ్నార్థకాలు పెట్టిందట. మొదటిదాంట్లో పోయినవాళ్ళ పేరు కూర్చోవాలి, రెండోదాంట్లో తెలియజేసినవాళ్ళది. కానీ పోయినవాళ్ళ పేరుతో కాగితం మొదలుపెట్టడం అశుభమని మా సత్రం ఫారంలో బతికున్నవాళ్ళ పేరే పైన ఉంటుంది. కల్పన ఫారం వరుసలోనే పంపింది, దాంతో నా పేరు పోయినవాళ్ళ చోట కూర్చుంది.

“ఎవరు ఎవరో చూసుకోదా అది?”

“చూడదు అవ్వా, వరుసే చూస్తాది. ఈ నెల చేరిన పదకొండు ఫారాలూ ఇట్లే ఎక్కినాయి.”

“అయితే ఇంకో పదిమంది నాలాగే బతికుండగా పోయారన్నమాట.”

దిద్దడానికి అప్‌డేట్ కమాండు రాసింది. ఈసారి మూడు ప్రశ్నార్థకాలు. మూడోది ఫారం నంబరు.

“ఆ మూడోది మరిచిపోతే?”

“పట్టీలో పోయినోళ్ళందరూ వెంకటసుబ్బయ్య గార్లే అవుతారు.”

“ఒక్కడితోనే నలభై ఏళ్ళు పడ్డాను తల్లీ. నంబరు వెయ్యి.”

ఇద్దరం నవ్వాం. అప్పటికి పదకొండున్నర. “ఈసారి తప్పు పోకూడదు అవ్వా, మీరే చెప్పండి. పోయినోళ్ళ పేరు?” అంది. పెళ్ళయినప్పటి నుంచీ నేనాయన పేరు నోటితో అన్నదాన్ని కాదు. ఆమె వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. చెప్పాను. మొదటిసారి.

“రన్ చేసేదా?”

తలూపాను. ఒక రికార్డు మారిందని తెర చెప్పింది. తరవాత మిగతా పదీ దిద్దింది. ప్రింటర్ గరగరమంటూ ఆయన పేరు బయటికి తోసింది.

శుక్రవారం తంతు సవ్యంగానే జరిగింది. సాధించుకొచ్చానన్న సంతోషం మాత్రం లేదు. సోమవారం నుంచి ఆ కంప్యూటర్లోనైనా మనిషి ఉన్నాడు. నేనే వెళ్ళి తీయించాను. మీకూ ఇలాంటి పనిపడితే ఫారం నకలు, నంబరు వెంట తీసుకుని పదకొండులోపు చేరండి. దిద్దాక తెర మీద పేరు మీరే చదవండి. తప్పు కార్డు వెనక్కి అడుగుతారు. నేనివ్వలేదు. ఆయన ఉన్నాడని రాసిన కాగితం ఇక నా దగ్గర అదొక్కటే.