మాస్టారి అరచెయ్యి

మా స్టిల్స్ మాస్టారు ఎదుటివాళ్ల ముఖం మీద వెలుగెంతుందో ఏనాడూ చూడలేదు. ఫిల్మ్ నగర్‌లోని ఆయన స్టూడియోలో నేను రంగుల ఫిల్ము మీద పోర్ట్రెయిట్లు తీయడం నేర్చుకునే రోజులవి. ఎవరొచ్చి కూర్చున్నా ఆయన వెలుగు కొలిచే లైట్ మీటరును తన తెల్లటి అరచేతి దగ్గర పెట్టి, అది చెప్పినట్టే కెమెరా సరిచేసేవాడు. ఆ చేతికి చాలిన వెలుగు నల్లటి ముఖానికెలా చాలుతుంది?

షేక్‌పేట నుంచి ఒక జూనియర్ ఆర్టిస్టు వచ్చింది. హీరో చెల్లెలి వేషానికి ఫొటో ఇమ్మన్నారట. ప్రింటులో కళ్లూ పళ్లూ తప్ప మిగతాదంతా బురద.

"ఏం చేస్తామమ్మా, ఫిల్ము ఉన్నదే చూపిస్తుంది" అన్నాడు మాస్టారు.

"మీటరు ఆమె చెంప దగ్గర పెట్టి మళ్లీ తీద్దాం మాస్టారూ" అన్నాను.

"నలుపు మీద ఎంత లైటు పోసినా దండగోయ్."

ఆ పిల్ల ఫొటో బల్ల మీదే పడేసింది. "గా వేషం మీ చెయ్యికే ఇప్పియ్యుండ్రి సార్. ఫొటో దానికే సక్కగొస్తది గదా" అని వెళ్లిపోయింది. వేషం ఇంకెవరికో పోయింది.

ఏళ్ల తర్వాత, మాస్టారు పోయాక జరిగిన సంతాప సభలో ఒక్కొక్కరూ లేచి, ఆయన చేతిలో ఏదో మహత్తు ఉందని పొగిడారు. నేను కుర్చీ వెనక్కి నెట్టి బయటికొచ్చేశాను.