పోర్ట్‌ఫోలియో ఆయనది, బ్లాగు నాది

ఫోటోగ్రాఫరుకి పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటు ఒకటి చాలా, దానితోపాటు బ్లాగు కూడా ఉండి తీరాలా అన్న విషయం మీద మా స్టూడియోలో పదకొండు రోజులు చర్చ జరిగింది. చర్చ అంటే అన్నయ్యగారు మాట్లాడటం, మావారు తల ఊపడం, నేను టీ పెట్టడం. పన్నెండో రోజున రెండూ ఉండాల్సిందేనని తేలింది. తేల్చింది కూడా అన్నయ్యగారే.

అన్నయ్యగారంటే నా తోడబుట్టినవారు కాదు, మా ఆడపడుచు భర్త. ఉండేది బాపట్లలో. కొన్నాళ్లు ఇన్సూరెన్సు కట్టించారు, కొన్నాళ్లు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పారు, మధ్యలో ఒక వేసవంతా రొయ్యల చెరువులకు మందులు అమ్మారు. ఇప్పుడు డిజిటల్ చేస్తున్నారు. ఏం చేస్తున్నారని ఎవరడిగినా "డిజిటల్" అంటారు. ఆ మాటకు ముందూ వెనకా ఇంకేమీ ఉండదు. రోజూ పొద్దున్నే బాపట్లలో రైలెక్కి, తెనాలిలో దిగి, మా స్టూడియో మెట్లెక్కి, లాప్‌టాప్ తెరిచి కూర్చునేవారు.

"పోర్ట్‌ఫోలియో అంటే నీ పనితనం బావా. చూసినవాడు నోరెళ్లబెట్టాలి. బ్లాగంటే నీ మనసు. చదివినవాడు కరిగిపోవాలి," అనేవారు.

మావారి మనసు సంగతి వింటుంటే నాకు నవ్వొచ్చింది. ఆయన పనిలో ఉన్నప్పుడు మాట్లాడేవి మూడే మాటలు. "గడ్డం కిందికి." "ఇటు చూడండి." "అయిపోయింది." ఇంట్లో ఆ మూడూ కూడా ఉండవు. అలాంటి మనిషి మనసుని వారానికొకసారి ఇంటర్నెట్‌లో ఎక్కించాలంటే, ముందు అది బయటికి రావాలి కదా. నేను పదిహేడేళ్లుగా ఎదురుచూస్తున్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను కూడా ఫోటోలు తీస్తాను.

మా పెళ్లయిన రెండో ఏడు, తెనాలిలోనే ఒక ముస్లిం మాస్టారి ఇంట్లో పెళ్లి. మావారు కెమెరా మెళ్లో వేసుకుని పెళ్లికూతురి గది వైపు వెళితే, గుమ్మానికి కట్టిన పరదా ముందు ఆ అమ్మాయి నానమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. "మీరు ఇక్కడిదాకానే బాబూ," అంది. నేను భోజనానికని వెంట వెళ్లినదాన్ని. ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి, కెమెరా తీసి నా మెళ్లో వేసి, "ఇది నొక్కు, అంతే," అన్నారు. నా ఫోటోగ్రఫీ చదువు అక్కడితో పూర్తయింది.

ఆ రోజు తీసినవాటిలో సగం ఫోటోల్లో ఎవరికీ తలల్లేవు. నానమ్మగారు ఆల్బమ్ అంతా తిప్పి, "చీరల అంచులు మాత్రం బాగా పడ్డాయి బేటీ," అంది. అంత మంచి మనిషి. రెండో మనవరాలి పెళ్లికీ నన్నే పిలిచింది. అప్పటికి నేను పట్టుదలగా నేర్చుకున్నాను. ఆ తర్వాత బాపట్లలో చర్చి పెళ్లిళ్లకు, రేపల్లెలో మంగళస్నానాలకు, చీరాలలో ఓణీల ఫంక్షన్లకు, ఎక్కడ ఆడవాళ్లు తలుపు వేసుకుంటే అక్కడ లోపల నేను, బయట మావారు.

పదిహేనేళ్ల అనుభవంతో చెబుతున్నాను, పెళ్లి జరిగేది లోపలే. మండపం మీద జరిగేది మాకోసం. తాళి కట్టేవాడు కూడా కట్టడం ఆపి మా వైపు చూస్తాడు, ఫోటో పడిందా అని. లోపల అలా కాదు. తల్లి నోట్లో పిన్నులు పెట్టుకుని కూతురికి చీర కుచ్చిళ్లు సర్దుతుంటుంది, ఏడుపొస్తే ఏడవడానికి లేదు, నోట్లో పిన్నులున్నాయి. మేనత్త ఒక మూల నిలబడి వడ్డాణం బరువు చూపుతోనే తూస్తుంటుంది. పెళ్లికూతురు ఇడ్లీ కావాలని అడుగుతుంది, లిప్‌స్టిక్ పోతుందని ఎవ్వరూ పెట్టరు. అవన్నీ తీశాను.

నానమ్మగారి ఇంటికి మాత్రం ఒక షరతు ఉంది. ఆ గదిలో తీసినవి పరాయి మగవాడి కంట పడకూడదు. అంటే ల్యాబ్‌లో ప్రింటు వేసేవాడు చూడకూడదు, మావారూ చూడకూడదు. మాట ఇచ్చాను. దానికోసం కంప్యూటరులో దిద్దడం నేర్చుకున్నాను, చిన్న ప్రింటరు కొనుక్కున్నాను. నేనే ప్రింట్లు తీసి, నేనే ఆల్బమ్‌లో అంటించి, ఆవిడ చేతిలో పెట్టి, కార్డు ఖాళీ చేసి వస్తాను. నేను తీసిన వాటిలో అన్నిటికన్నా మంచివి ఆ ఇంటి బీరువాలో ఉన్నాయి. మా ఇంట్లో ఒక్కటీ లేదు.

ఇక పోర్ట్‌ఫోలియో సంగతికొస్తాను. అన్నయ్యగారు లెక్క ఇరవై నాలుగు ఫోటోలన్నారు. ఎక్కువైతే చూసేవాడికి విసుగట, తక్కువైతే అనుమానమట. పాత హార్డ్‌డిస్కులన్నీ దింపి, పెట్టుకోవచ్చని కుటుంబాలు ఒప్పుకున్నవి ఒక పక్కకు చేర్చి, ఇద్దరూ కూర్చుని ఏరారు. ఒక్కోటి రాగానే అన్నయ్యగారు తొడ చరిచేవారు. "ఏం కన్ను బావా నీది! ఏం కన్ను!" తల్లి జడ వేస్తున్న ఫోటో దగ్గర చరిచారు. అద్దంలో పెళ్లికూతురు తనని తనే గుర్తుపట్టనట్టు చూసుకుంటున్న ఫోటో దగ్గర చరిచారు. బాపట్ల అమ్మాయి తెల్లచీరలో మంచం మీద కూర్చుని, ముసుగు నలగకుండా చేత్తో ఎత్తిపట్టుకుని ఉప్మా తింటున్న ఫోటో దగ్గర రెండుసార్లు చరిచారు. మావారు ఒక్కసారి కూడా "అది నేను తీసింది కాదు" అనలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

నేను లెక్కపెట్టాను. ఇరవై నాలుగులో పద్నాలుగు నావి.

వారంలో వెబ్‌సైటు వచ్చింది. తెరవగానే మావారు చేతులు కట్టుకుని, నల్లకోటు వేసుకుని నిలబడి ఉంటారు. ఆ కోటు అన్నయ్యగారిది, భుజాలు జారిపోతుంటే వెనక బట్టల క్లిప్పులు పెట్టి తీశారు. కింద పెద్ద అక్షరాలతో ఆయన పేరు, ఆ కింద ఇరవై నాలుగు ఫోటోలు. అన్నిటికిందా, కళ్లు చిట్లించి చూస్తే కనపడేంత అక్షరాలతో, "శ్రీమతి గారి సహకారంతో" అని ఉంది. శుభలేఖల్లో బంధుమిత్రుల అభినందనలతో అని వేస్తారు చూడండి, అలా.

ఒళ్లు మండింది. అన్నయ్యగారు వెళ్లాక అడిగాను.

"ఇందులో పద్నాలుగు నేను తీసినవి కదండీ. ఆ పద్నాలుగింటి కిందైనా నా పేరు పెట్టొచ్చుగా?"

"మనవేగా అన్నీ," అన్నారు ఆయన. తర్వాత చాలాసేపు ఆలోచించి, నన్ను ఓదార్చడానికని, "ఇంట్లో మనిషివి, నీకు పేరెందుకు?" అన్నారు.

ఆ రోజు పప్పులో ఉప్పు వేయలేదు. ఆయన తినేసి చెయ్యి కడుక్కున్నారు, తేడా తెలియలేదు.

తర్వాత బ్లాగు మొదలైంది. పోర్ట్‌ఫోలియో పెట్టి నెలయినా ఒక్కరూ ఫోను చెయ్యలేదు. ఎందుకంటే రాత లేదు అన్నారు అన్నయ్యగారు. ఇంటర్నెట్‌లో వెతికే యంత్రానికి కళ్లుండవట, చదవడం మాత్రమే వచ్చట. మావారికి చూడటం మాత్రమే వచ్చు. కనుక రాత నా నెత్తిన పడింది.

"నువ్వు బి.ఏ. తెలుగు కదమ్మా, నీకిది ఎంతలో పని! ఒకటే గుర్తుపెట్టుకో. ప్రతి పేరాలో 'తెనాలి వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్' అని నాలుగుసార్లు పడాలి," అన్నారు అన్నయ్యగారు.

పడేశాను. 'మంచి ఫోటోగ్రాఫరును ఎంచుకోవడానికి ఏడు మార్గాలు' అని నా మొదటి రచన. తెనాలిలో వెడ్డింగ్ చేసుకునే తెనాలివాళ్లు తెనాలి వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ కోసం తెనాలిలో వెతికితే, అంటూ సాగుతుంది. దాన్ని ముగ్గురు చదివారు. ఒకరు అన్నయ్యగారు, ఒకరు మా ఆడపడుచు. మూడో వ్యక్తి ఏ దేశమో తెలియదు, చాలా బాగుందని మెచ్చుకుని కింద జుట్టు ఊడకుండా వాడే మందు వివరాలు ఇచ్చాడు.

అలాంటివి ఐదు రాశాక, ఆరోదానికి కూర్చుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. పేరు ఎలాగూ లేదు, చదివేవాళ్లూ లేరు, ఇంక భయమెందుకు అనిపించింది. నానమ్మగారి ఇంటికి వెళ్లి, మీ గదిలో చూసింది ఊరూ పేరూ లేకుండా రాసుకోవచ్చా అని అడిగాను. ఆవిడ వక్క నములుతూ ఆలోచించి, "రాసుకో బేటీ. రాతలో మొహం కనపడదుగా," అంది.

వచ్చి రాశాను. ఆవిడ ఆఖరి మనవరాలికి గోరింటాకు పెట్టిన చేతులు రెండూ ఆరకముందు ముక్కు దురద పెడితే, ఎనభై ఏళ్ల నానమ్మ లేచి వచ్చి, తన కొంగు చివరతో ఆ పిల్ల ముక్కు రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ అక్కడే ఆగిపోయి, ఆ ముక్కుని అలాగే పట్టుకుని ఏడ్చింది. గదిలో పన్నెండు మంది ఆడవాళ్లం ఉన్నాం, ఒక్కరం కూడా కదల్లేదు. నేను నొక్కాను. ఆ ఫోటో మీకు చూపించను, మాట ఇచ్చాను, అని రాశాను. చివర, ఆ ఫోటో తీసింది నేను అని రాశాను.

అన్నయ్యగారికి తల ప్రాణం తోకకొచ్చింది. "తెనాలి లేదు, వెడ్డింగ్ లేదు! ఫోటోగ్రాఫర్ బ్లాగులో ఫోటో లేకపోతే ఎట్టా అమ్మా? హోటల్‌కి పిలిచి వాసన చూపిస్తావా?" అన్నారు. నేను వినలేదు. వారానికొకటి రాస్తూ పోయాను. లోపలి గదుల గురించే, ఫోటోల్లేకుండానే. నెమ్మదిగా ఆడవాళ్లు చదవడం మొదలుపెట్టారు. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఒకావిడ, తన పెళ్లిలో ఎవరూ ఫోటో తీయలేదనీ, నా బ్లాగు చదివితే తీసినట్టే ఉందనీ రాసింది. అది పదిసార్లు చదువుకున్నాను. మావారు మాత్రం ఒక్కటీ చదవలేదు. బొమ్మలు లేవుగా అన్నారు.

మొన్న శ్రావణమాసం ముందు ఒక మధ్యాహ్నం స్టూడియోకి ఫోనొచ్చింది. మావారు లెన్సు తుడుస్తున్నారు, అందుకని ఎత్తి స్పీకర్లో పెట్టారు. అన్నయ్యగారూ ఉన్నారు, నేనూ ఉన్నాను. అవతల ఆడగొంతు.

"నమస్తే అండి. పెనుమూడి నుంచి మాట్లాడుతున్నానండి. మా అమ్మాయి పెళ్లండి, రేపల్లెలో. మీ బ్లాగు మొత్తం చదివామండి మేము. ఆ రాసే ఆవిడ వస్తేనే మాట్లాడుకుందామండి."

"ఆవిడ మా మిసెస్ అండి," అన్నారు మావారు. "రాయడం వరకే ఆవిడ. ఫోటోలన్నీ నేనే చూసుకుంటానండి. వెబ్‌సైట్లో చూశారుగా, అన్నీ నేను తీసినవే."

నేను అక్కడే ఉన్నాను. మూడడుగుల దూరంలో. ఆయన అబద్ధం చెబుతున్నట్టు కూడా చెప్పలేదు, టైమెంతయిందో చెప్పినట్టు చెప్పారు.



"అన్నీనా అండి?"

"అన్నీనమ్మా."

"మరి వాళ్లమ్మ పెళ్లికూతురికి జాకెట్టు తాళ్లు కడుతున్న ఫోటో ఒకటి ఉందండి. వెనకాల తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది, స్పష్టంగా కనపడతా ఉంది. మీరేం చేస్తున్నారండి ఆ గదిలో?"

మావారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇరవై నాలుగు ఫోటోలు ఏరినవాళ్లెవరికీ, తొడ చరిచినవాళ్లకి కూడా, ఆ గడియ కనపడలేదు. అన్నయ్యగారు లాప్‌టాప్ మూశారు.

"అది... ఆ ఫోటో మా ఆవిడ తీసిందండి," అన్నారు మావారు.

"మరి జడ వేస్తున్నది?"

"అదీ ఆవిడేనండి."

"అద్దంలో చూసుకుంటున్న అమ్మాయి?"

"ఆవిడే."

పెనుమూడి ఆవిడ వదల్లేదు. ఆడపిల్ల తల్లి, ఎందుకు వదులుతుంది? వెబ్‌సైటు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. ఉప్మా తింటున్నది, పిన్నులు నోట్లో పెట్టుకున్నది, పారాణి పెడుతున్నది. ఒక్కొక్కదానికీ ఆయన "ఆవిడేనండి, ఆవిడేనండి" అంటూ పోయారు, గొంతు తగ్గుతూ తగ్గుతూ. పద్నాలుగూ అయ్యాయి. ఆయన ఆ మాట అన్నది తన పరువు కాపాడుకోవడానికేనని నాకు తెలుసు. నాకోసం కాదు. అయినా ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

"అయితే ఫోను ఆవిడకివ్వండి," అంది పెనుమూడి ఆవిడ. తీసుకున్నాను. తేదీ, ముహూర్తం, ఎంతమంది బంధువులు అన్నీ రాసుకున్నాను. మండపం మీద కూడా నువ్వే తియ్యమ్మా అంది. సరేనండి అన్నాను.

అన్నయ్యగారు రైలు టైమయిందని లేచారు. దానికి ఇంకా రెండు గంటలుంది. మేమిద్దరమే మిగిలాం. మావారు లెన్సు మూత తిప్పుతూ, "మాస్టారి ఇంట్లో తీశావే, నానమ్మగారి గదిలో... ఏముంటుంది వాటిలో?" అని అడిగారు.

"చూపించకూడదు," అన్నాను. "రాశాను. చదువుకోండి."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టారు. నేను ఎదురుగా కూర్చుని ఆయన మొహమే చూస్తున్నాను. పెళ్లిచూపుల్లో కూడా అంత భయపడలేదు.