చొక్కాలో కొండచిలువ

అమెరికాలో చలి ఎక్కువుండే డులుత్ ఊళ్ళో స్కూలు బస్సు నడిపే లోరెట్టా, తన పెంపుడు కొండచిలువ ఉండే గాజుపెట్టెలో వేడి తగ్గకుండా చలికాలమంతా కనిపెట్టుకునేది. మంచుతుఫాను రోజున తమ్ముడు డ్వేన్ తాగొచ్చి పెట్టె మీది వేడిదీపం పీకేశాడు.

"ఇల్లు లేక నేను ట్రక్కులో పడుకుని చలికి చస్తుంటే పాముకి దీపమా అక్కా?"

"పెట్టరా! అది చచ్చిపోతుంది."

డ్వేన్ సుత్తితో గాజు పగలగొట్టి, పాముని తోక పట్టుకుని నేలకేసి కొట్టబోయాడు. లోరెట్టా మంచు తీసే పారతో అతని మోచేతి మీద బాదింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

గాజుపెంకుల్లోంచి పాముని తీస్తుంటే లోరెట్టా చేతులు తెగాయి. నెత్తురు కారే చేతులతోనే ఆమె దాన్ని చొక్కాలో పొట్టకి ఆనించుకుని, తమ్ముడి కోసం అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"నాకంటే అదే ఎక్కువైందా?" డ్వేన్ మూలిగాడు.

"ఇవాళ్టికి అదే."

పాము బతికింది. డ్వేన్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.