మేత గోడౌనులో సముద్రం అడుగు

కైకలూరులో మాది చేపలకూ రొయ్యలకూ మేత అమ్మే కొట్టు. నేను ఏలూరులో జువాలజీతో డిగ్రీ చేశాను గానీ, పెళ్లయ్యాక పద్దెనిమిదేళ్లుగా ఆ కొట్లోనే కూర్చున్నాను. చదివిన చదువు బస్తా మీద రాసింది చూసి రైతుకు వివరించడం వరకే మిగిలింది. అందుకే మా అమ్మాయి సైన్సు టీచరు ఒక ఉదయం వచ్చి అడిగిన మాటకు కంగారుపడ్డాను.

"హిందూ మహాసముద్రంలో పరిశోధన ఓడ ఒకటి తిరుగుతోందండీ. దాన్నుంచి కెమెరా ఉన్న యంత్రాన్ని సముద్రం అడుగుకు దింపుతారు. దానికి కనబడేదంతా అప్పటికప్పుడు మనమూ చూడొచ్చు. పిల్లలు ఇక్కణ్ణుంచే ఓడలో ఉన్న సైంటిస్టులతో మాట్లాడొచ్చు. మన స్కూలుకి ఒక గంట ఇచ్చారండీ. నేను కంప్యూటరు దగ్గరుండాలి. వాళ్ల ఇంగ్లీషు మీరు తెలుగులో చెప్పాలి."

"నేనా? నేను ఇంగ్లీషు మాట్లాడి ఎన్నేళ్లయిందో తెలుసాండీ?"

"జువాలజీ మాటలు తెలిసినవాళ్లు నాకింకెవరూ దొరకలేదండీ" అన్నారావిడ.

కాటా దగ్గర బస్తా తూస్తున్న మా ఆయన తల తిప్పకుండానే, "ఒప్పుకోరాదూ. తప్పు పలికితే ఏమవుతుంది?" అన్నారు. ఒప్పుకున్నాను. ఆ వారమంతా అటక మీంచి దించిన పాత పుస్తకాలు కౌంటరు కింద పెట్టుకుని చదివాను.

రెండు రోజుల ముందు స్కూల్లో సరిచూస్తే అక్కడి నెట్టు అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. టీచరుకు ఏడుపొక్కటే తక్కువ. మా కొట్లో నెట్టు బాగుంటుంది కాబట్టి మా ఆయన గోడౌను ఖాళీ చేయించి, గోడకు తెల్లదుప్పటి కట్టించి, బస్తాలను వరసలుగా వేయించారు. పిల్లలు వాటిమీదే కూర్చున్నారు. గోడౌను మెయిన్‌రోడ్డు మీదుంది కదా, షట్టరు ఎత్తేసరికి ఐసు తోలేవాళ్లు, చెరువుల రైతులు, రొయ్యలు ఒలిచే షెడ్డుకు పనికి వెళ్లే ఆడవాళ్లు కూడా ఆగిపోయారు. "స్కూలుపిల్లలకే కదండీ?" అని ఒకాయన అడిగితే, "అందరికీనండీ, రండి" అన్నారు టీచరు.

పది గంటలకు దుప్పటి మీద సముద్రం అడుగు కనబడింది. ఎండ చేరని లోతు. యంత్రం లైటు పడినంత మేరే లోకం. బూడిదరంగు మట్టి, నల్లటి రాళ్లు, మంచులా రాలుతున్న నలుసులు. ఓడలోంచి ఒక మహిళా సైంటిస్టు ఇంగ్లీషులో వివరిస్తోంది. మైకు పట్టుకుని మొదటి రెండు వాక్యాలూ తడబడుతూ చెప్పాను. మూడోదానికి పిల్లలు నా వైపు కాక తెర వైపు చూస్తున్నారని గమనించాను. ఇక నన్ను నేను మర్చిపోయాను.

కానీ ప్రశ్నలు అడగమంటే పిల్లల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. అంతవరకూ గుసగుసలాడినవాళ్లంతా తలలు దించుకున్నారు. ఓడలో ఆవిడ ఎదురుచూస్తోంది. టీచరు ముఖం వాడిపోయింది.

అప్పుడు కెమెరా ఒక రాయి పక్కన ఆగింది. అక్కడొక రొయ్య పక్కకు ఒరిగి పడివుంది. చచ్చిపోయినట్టుందని ఓడలో ఆవిడ అంది. నేనూ అదే తెలుగులో చెప్పాను.

"చచ్చిపోలేదండీ" అని షట్టరు దగ్గర్నుంచి ఒక గొంతు వినబడింది. షెడ్డుకు వెళుతూ ఆగిన ఆవిడ. చేతిలో కేరేజీ. నలభై దాటి ఉంటాయి. అందరూ తిరిగి చూసేసరికి సిగ్గుపడి వెనక్కి జరగబోయింది.

"ఆగండి, ఎలా చెప్పగలరు?" అన్నాను.

"అది రొయ్య కాదండీ, విడిచేసిన గుల్ల. చూడండి, లోపలంతా ఖాళీ. కళ్లు కూడా గాజులాగున్నాయి. వీపు దగ్గర చీలిందండీ, అందులోంచే బయటికొచ్చేసింది. మా ఆయన చెరువు కాపలా కాత్తాడండీ, ఇయ్యి రోజూ చూత్తాం. గుల్ల విడిచిన రొయ్య మెత్తగా ఉంటదండీ, దూరం పోలేదు. ఆ రాయి పక్కనే ఎక్కడో దాక్కుని ఉంటది."

ఒక్క క్షణం తటపటాయించాను. వాళ్లు నవ్వితే? అయినా ఆవిడ చెప్పిన ప్రతి మాటా, చీలికతో సహా, ఇంగ్లీషులో పెట్టాను. నా వ్యాకరణం ఎలా ఉందో నాకు తెలియదు. ఓడలో ఆవిడ యంత్రం నడిపే అతనితో ఏదో అనడం వినబడింది. కెమెరా గుల్ల వీపు మీదికి జరిగింది. చీలిక స్పష్టంగా ఉంది. యంత్రం మెల్లగా రాయి చుట్టూ తిరిగింది.

రాయి కింద నెర్రెలో, రెండు మీసాలు కదులుతూ, లేత ఎరుపు రంగు రొయ్య.

గోడౌను గోడౌనంతా ఒక్కసారి అరిచింది. ఓడలోనూ చప్పట్లు. ఐసు తోలేవాళ్లు ఈలలు వేశారు. మా ఆయన ఎవరో తెలియని రైతును వాటేసుకున్నారు. షట్టరు దగ్గరి ఆవిడ మాత్రం, "చెప్పాను కదండీ" అని నెమ్మదిగా అంది.

సైంటిస్టు ఆవిణ్ణి ముందుకు రమ్మంది. ఆ రోజు చూసినవి రాసుకునే పుస్తకంలో, దీన్ని గుర్తించింది కైకలూరులోని ఈమె అని రాస్తున్నామని పేరు అడిగింది. ఆవిడ ఇంటిపేరుతో సహా చెప్పింది. నేను ఒక్కో అక్షరం ఇంగ్లీషులో పలికాను. ఇంకేమైనా చూడాలని ఉందా అని అడిగారు.

"మీరెలా ఉన్నారో చూపించండమ్మా. ఇందాకట్నుంచీ గొంతే వింటన్నాం" అంది.

తెర మారింది. ఎండలో మెరిసే నీళ్లు, ఓడ అంచు దగ్గర నారింజరంగు చొక్కాల్లో పదిమంది, అందరూ చేతులు ఊపుతున్నారు. మేమూ ఊపాం.

ఆ తర్వాత పిల్లల్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. రొయ్యకు చీకట్లో కళ్లెందుకు, గుల్ల విడిచేప్పుడు నొప్పెడుతుందా, అక్కడ మేత ఎవరు వేస్తారు అని అడుగుతూనే ఉన్నారు. గంట అయిపోయినా ఓడవాళ్లు ఆపలేదు, నేనూ ఆపలేదు. చివరి ప్రశ్నకు నా గొంతు పూర్తిగా పోయింది. అప్పుడు మా అమ్మాయి బస్తా మీంచి లేచొచ్చి, నా చేతిలో మైకు తీసుకుని, మిగతాది తనే ఇంగ్లీషులో అడిగేసింది.