తలమీద కంపెనీ టోపీ

పెళ్లయిన కొత్తలో గడ్డపోతారంలోని మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. ఒక ఆదివారం షిఫ్టు దిగి, అటు నుంచి అటే అత్తమ్మ వెళ్లే చర్చికి పరుగెత్తాను. అక్కడ ఆడవాళ్లు తలమీద ముసుగు లేనిదే ప్రార్థనలో కూర్చోరు. మిషన్‌లో చిక్కుకుంటుందని కంపెనీలో చున్నీ వేసుకోనివ్వరు. ఏం చేయను? జేబులోని కంపెనీ టోపీనే తలకు పెట్టుకుని అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

పాస్టరుగారు ఆ రోజు ఒక గ్రీకు మాట చెబుతున్నారు. "కొరింథియోయ్ అంటే కొరింథు పట్నమోళ్లు. సిగ్గు శరం లేనోళ్లు" అంటూ నా టోపీ చూసి ఆగారు. "గా పట్నమోళ్లు యాడ్నో లేరు. ఇగో, మన సాప మీదనే ఒకామె కూసున్నది, సూడుండ్రి!"

చర్చంతా గొల్లున నవ్వింది.

"అత్తమ్మా, నీ కొంగు జెర కప్పవా" అని బతిమాలాను. ఆమె కొంగు దగ్గరికి లాక్కుని చాప చివరకు జరిగింది.

పుట్టింది ఇక్కడే, కాపురమూ ఇక్కడే. అయినా ఎన్నడూ చూడని ఊరికి నన్ను అంటగట్టారు. ఇది రాస్తుంటే కూడా ముందు గదిలోంచి అత్తమ్మ కేక వేస్తోంది: "ఏయ్ కొరింథీ, చాయ్ పెట్టవా?"

ఈ పేజీలోనైనా నా పేరు కనబడుతుందని పంపుతున్నాను.

- సుజాత, గడ్డపోతారం